పేరు, తండ్రి పేరు, ఊరు

రూప ఆ నీళ్ళు ముట్టలేదు.

రాజీ పెట్టిన స్టీలు గ్లాసు గడప మీద అట్లాగే ఉంది. వరంగల్ నుంచి కేసముద్రం దాకా మక్కజొన్నల లారీలో, అక్కడి నుంచి మానుకోటకు ఆటోలో వచ్చిన మనిషి. ప్రత్యేక రాష్ట్రం కోసం జరుగుతున్న సమ్మెలో బస్సులు ఆగి నెల దాటింది. చీర కొంగుకు ఇంకా మక్కపొట్టు అంటుకునే ఉంది. అయినా దప్పిక లేదన్నది.

"లోపటికి రా చెల్లె. గడపల కూసుంటే ఎట్ల?" అన్నది రాజీ.

"ఈన్నే మంచిగున్నది వదినె. ఒక్క ముచ్చట అడిగి పోత. దవాఖానల నాయిన ఒక్కడే ఉన్నడు."

రాజీ భర్త భీమ్లా తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాడు. ఆదివారం నుంచి ఈ రాకకు ఎదురుచూస్తున్నవాడే. ముందే తెలిసిన దెబ్బ తక్కువ నొప్పి పెడుతుందని ఎక్కడో చదివాడు. చదివినవన్నీ నిజం కావు.

"సారుకు ఎట్లున్నది?"

"తుంటి ఇరిగింది. రేపు పొద్దుగాల ఆపరేషన్ అంటున్నరు. అరవై ఎన్మిదేండ్ల మనిషి. మల్ల నడుస్తడో లేదో చెప్పలేమని డాక్టరు నాయిన మొకం మీదనే అన్నడు. నాయిన నవ్విండు. 'గింత సూటిగ మాట్లాడేటోడు భీమ్లా గ్రూపుల ఒక్కడన్న ఉంటే బాగుండు' అన్నడు."

లోపలి గదిలో నులక మంచం కిర్రుమన్నది. భీమ్లా తల్లి రుక్కి పక్కకు ఒత్తిగిలి ఉంటుంది. లేదా వినడానికి లేచి కూర్చుని ఉంటుంది.

ఆ గ్రూపు పేరు 'మానుకోట మాట'. రెండేళ్ళ కిందట భీమ్లా, అతని తమ్ముడు ప్రేమ్‌చంద్ కలిసి ఇంటర్నెట్‌లో తెరిచారు. ఇప్పుడు ఎనిమిది వందల మంది ఉన్నారు. ప్రత్యేక రాష్ట్రం కావాలనే వాళ్ళు, వద్దనే వాళ్ళు, ఎప్పుడో ఇక్కడ పనిచేసి గుంటూరు వెళ్ళిపోయిన ఇంజనీరు, దుబాయిలో ఉండి ప్రతి వార్తకూ ఉలిక్కిపడే పిల్లలు. మిగతా చోట్ల అమ్మలనూ ఆలినీ తిట్టుకుంటున్న రోజుల్లో ఇక్కడ నాలుగేసి రోజులు వాదించుకుని కూడా ఒకరినొకరు 'అన్నా' అని పిలుచుకునేవారు. మనిషిని గాడిద అనకూడదు, మాటను అనవచ్చు. ప్రతి రాతా బయటికి పోయే ముందు ఆ ఇద్దరిలో ఒకరు చూడాలి. వాళ్ళు తమ రాతకు తామే అనుమతి ఇచ్చుకోకూడదు. అన్న రాసింది తమ్ముడు ఒప్పుకోవాలి, తమ్ముడు రాసింది అన్న.

సమ్మె ముప్పయ్యో రోజున రూప తండ్రి దుర్గయ్య సారు అందులో రాశాడు. అన్నదమ్ములిద్దరికీ హాస్టల్ రోజుల్లో లెక్కలు నేర్పిన మనిషి. రిటైరై రఘునాథపల్లిలో ఉంటున్నాడు. రాష్ట్రం రావలసిందే, కానీ బడికి తాళం వేయడం నేను ఒప్పుకోను, పదో తరగతి పిల్లలకు నా అరుగు మీద పాఠం జరుగుతూనే ఉంటుంది అని రాశాడు.

తర్వాతి ఆదివారం పొద్దున మూడు బండ్ల మీద ఆరుగురు రఘునాథపల్లి వచ్చారు.

"ఆళ్ళు బస్టాండు కాడ చాయ్ పోసే ఎల్లక్కను ఏమని అడిగిండ్రో ఎర్కేనా అన్న?" రూప గొంతు పెంచలేదు. "'మల్లయ్య కొడుకు దుర్గయ్య ఇల్లేది' అని."

భీమ్లా చూపు ఆమె కొంగున అంటుకున్న మక్కపొట్టు మీదికి పోయింది.

"మా ఊర్లె నాయినను సారు అంటరు. మల్లయ్య కొడుకు అని అనేటోళ్ళు పోయి నలభై ఏండ్లాయె. మా తాత పేరు నా పిల్లలకు సుత తెల్వదు. ఎల్లక్క 'ఏ మల్లయ్య బిడ్డా' అన్నదట. 'బడి సారు' అంటే చెయ్యి జాపి చూపెట్టింది. ఇప్పుడు చాయ్ గిన్నె బోర్లేసి ఏడుస్తాంది, నేనే చూపెడితినే అని. తాత పేరు మీ గ్రూపుల తప్ప యాడ లేదన్న."

ఆమె రవికెలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. దవాఖాన ఎదుట ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించినది. దుర్గయ్య సారు రాసిన రాత, దాన్ని రెండుసార్లు తిప్పి పంపిన జవాబులు.

మొదటి జవాబు: 'తండ్రి పేరు లేదు.'

రెండో జవాబు: 'ఊరి పేరు లేదు. నియమం అందరికీ ఒకటే సార్.'

రెండూ భీమ్లా రాసినవే. పక్కవాళ్ళ ముందు మనసులోనే చదువుకోవాలనుకున్నా అతని పెదవులు కదిలాయి.

నియమం తండా నుంచి తెచ్చినది. ఈదులగట్టు తండాలో అతని తండ్రి మోతీ ఇరవై ఏళ్ళు నాయక్, తండా పెద్ద. తగువు తీర్చే సభలో నోరు విప్పేవాడు ముందు లేచి నిలబడి తన పేరు, తండ్రి పేరు, తండా పేరు చెప్పాలి. ఆ మూడూ చెప్పినవాడు అబద్ధమాడడు, బూతు మాట్లాడడు. తండ్రిని పక్కన నిలబెట్టుకుని ఎవడు నోరు పారేసుకుంటాడు? ముసుగులో దాక్కుని తిట్టేవాళ్ళ రోగానికి ఇదే మందని భీమ్లా నమ్మాడు. రెండేళ్ళు ఆ మందు పనిచేసింది కూడా.

"నీకు కావలసిందేంది చెల్లె?" అన్నాడు.

"పోలీసులకాడికి పోను. నాయిన వద్దన్నడు. ఆరుగురిల ఒకణ్ణి గుర్తువట్టిన అన్నడు. ఎవడని అడిగితే చెప్పలే. 'భీమ్లాకు ఎర్కుంటది, భీమ్లానే చెప్పాలె' అన్నడు. ఊర్లె గోడల మీద ఏం రాసిండ్రో చూసినవా? ద్రోహి దుర్గయ్య అని. పడ్డోడు ద్రోహి, పడేసినోడు వీరుడు. ముసలాయన ఆ మాటలు ఇనుకుంట పండుకున్నడు."

భీమ్లా కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టాడు.

"యాడ పుట్టిందో ఆడనే చెప్పు. ఆ ఎన్మిది వందల మంది ముంగట. వచ్చినోని పేరు, ఆని తండ్రి పేరు, ఊరు. నియమం అందరికి ఒకటే అన్నవు గద." ఆమె లేచింది. "పొద్దుగాల ఆరింటికి ఇంటర్నెట్ సెంటర్ తెరిపిస్త. నాయినను లోపటికి తీస్కపోయే ముంగట సదివి ఇనిపియ్యాలె. ఆయన మల్ల బయటికొస్తడో రాడో."

వీధిలో ఆటోవాడు హారన్ కొట్టాడు. రూప గ్లాసు వైపు చూసింది. తీసి రాజీ చేతికి ఇచ్చింది, నిండుగానే.

*

ఆటో చప్పుడు వినబడనంత దూరం పోయేదాకా ఇంట్లో ఎవరూ కదలలేదు.

"రాస్తవా?" అన్నది రాజీ.

అతను గడప మీద గ్లాసు విడిచిన తడి మరకను చూస్తున్నాడు.

"నిన్నే. పుస్తకాల పురుగును అడగలే, ఇంట్ల మనిషిని అడుగుతున్న. రాస్తవా?"

"ఆలోచిస్తున్న."

"ఆదివారం సంది ఆలోచిస్తున్నవు. ఒక్కపూట వరంగల్ పోయి సారును చూసి రాలే. గా ముచ్చట మటుకు ఆలోచనకు రాలే."

అది నిజం. కాలేజీకి తాళం. అతను కూడా సమ్మెలో ఉన్న లెక్చరరే. ఈ నాలుగు రోజులూ చేతిలో పనేమీ లేదు. వెళితే సారు కళ్ళలోకి చూడవలసి వస్తుందని వెళ్ళలేదు.

ఆదివారం సాయంత్రం ప్రేమ్‌చంద్ ఈ వాకిట్లోనే బండి ఆపాడు. కుండీ దగ్గర కూర్చుని చేతులు కడిగాడు. కడిగి చూసుకున్నాడు. మళ్ళీ కడిగాడు. బొగ్గుబాయిలో పనిచేసేవాడు చేతులు కడగడం కొత్త కాదు. కానీ ఆ రోజు కుండీలో దిగిన నీళ్ళు తెల్లగా ఉన్నాయి, సుద్ద. 'సారు పడ్డడు భియా' అన్నాడు. తమ లంబాడీల గోర్ మాటలో అన్నను పిలిచే పిలుపు అది. అన్నం తినకుండా భూపాలపల్లి వెళ్ళిపోయాడు.

"ఆడు నీ తమ్ముడు," అన్నది రాజీ. "పేరు రాసినవనుకో, రేపటికల్ల కేసు. బాయిల పని పోతది. తండాల ఆని పెండ్లాం సౌందర్య ఒక్కతే ఉన్నది, ఇద్దరు పిల్లగాండ్లతోని. రఘునాథపల్లోళ్ళకు బండ్లు లేవా? ఆళ్ళకు తండా తొవ్వ తెల్వదా?"

"రాయకపోతే?"

"రాయకపోతే సారు బిడ్డ మన గడప తొక్కదు. గంతే గద!" ఆ మాట అనేసి రాజీ ఆగింది. చేతిలోని నిండు గ్లాసు చూసుకుంది. నీళ్ళు తులసికోటలో పోయబోయి, పోయలేక, మళ్ళీ లోపలికి తెచ్చింది. "ఎన్మిది వందల మందికి మర్యాద నేర్పినవు. గాడిద అనొద్దు, గాడిద మాట అనొచ్చు. ఇప్పుడు నేను గాడిద అనాల్నంటే ఎవర్ని అనాలె? నిన్నా, నీ మాటనా?"

*

ఫోను మూడోసారి మోగాక ప్రేమ్‌చంద్ ఎత్తాడు. వెనక డప్పులు వినిపిస్తున్నాయి. బాయి గేటు ముందు సమ్మెవాళ్ళ వంటావార్పు నడుస్తున్నట్టుంది.

"రూప వచ్చిపోయింది," అన్నాడు భీమ్లా.

డప్పులు దూరమయ్యాయి. నడుచుకుంటూ పక్కకు వచ్చాడు.

"సారు ఎట్లున్నడు?"

"నువ్వు అడుగుతున్నవా?"

"నేను తొయ్యలే భియా. యాడి మీద, కన్నతల్లి మీద ఒట్టు. బోర్డు గుంజిన. బోర్డు గుంజితే పాఠం బందైతది అనుకున్న. సారు రెండు చేతుల్తోని పట్టుకున్నడు, ఇడువలే. 'లెక్క సగంల ఉన్నది, ఆగు' అన్నడు. నన్ను గుర్తువట్టి అన్నడో, గుర్తువట్టకనే అన్నడో తెల్వదు. నేను గుంజిన. బోర్డుతోని పాటు అరుగు మీదికెల్లి కిందికొచ్చిండు."

భీమ్లా ఫోను మరో చెవికి మార్చుకున్నాడు.

"ఎందుకు పోయినవు చిన్నోడా?"

"ముప్పై దినాలాయె బాయిల దిగక. మా దోస్తు ఒకడు పిలగానికి జొరమొస్తే గోలీలు తేలేక తిరుగుతున్నడు. మేం గిట్ల కడుపు కట్టుకోని కూసుంటే, సారు అరుగు మీద బడి నడుపుతున్న అని ఊరంతటికి చాటుతడా? నా కడుపు మండింది. రాసిన. మూడుసార్లు రాసిన. మూడుసార్లు నువ్వే తిప్పి పంపినవు."

"తిట్లున్నయి దాంట్ల."

"ఉన్నయి. నిజమే. తిట్లు పోనిచ్చినవనుకో, నేను తిట్టేటోణ్ణి, సారు నన్ను మల్ల తిట్టేటోడు. 'ప్రేమ్‌చందూ, నీకు భిన్నాలు సుత రావు' అనేటోడు. అయిపోయేది. నువ్వు నోరు కుట్టినవు. కోపం యాడికి పోతది భియా? బండెక్కి పోతది."

"అంటే తప్పు నాదా?"

"నాదే. నేను గుంజిన. నీదేమన్న ఉన్నదో లేదో నువ్వే చూస్కో, గంత సదివినోనివి."

భీమ్లా గోడకు ఆనుకున్నాడు. ఇన్నేళ్ళుగా అతను తనను తాను ప్రశ్నించుకోవడం ఒక వ్యాయామంలా చేస్తూ వచ్చాడు. సాయంత్రపు నడకలా, అలవాటుగా, అలసట లేకుండా. ప్రశ్న వేరొకరి నోట వచ్చినప్పుడు అది ఇంత బరువుంటుందని తెలియలేదు.

"రూప పేరు అడుగుతున్నది," అన్నాడు. "గ్రూపుల రాయమంటున్నది. రేపు పొద్దుగాల లోపట."

"రాస్తవా?"

ఒకే ప్రశ్న గంటలో రెండోసారి.

"రాస్త అంటే?"

"రాయి," అన్నాడు ప్రేమ్‌చంద్. నవ్వాడో, దగ్గాడో. "నువ్వు రాస్తే ఆడికెల్లి యాడికొస్తది? నా దగ్గరికే గద. చూస్త."

ఫోను పెట్టేశాడు.

*

సాయంత్రం నాలుగింటికి కరెంటు వచ్చింది. బొగ్గు ఆగినప్పటి నుంచి అది ఒక అతిథి. నాలుగింటికి వస్తుంది, ఆరింటికి పోతుంది, మళ్ళీ మర్నాడే. భీమ్లా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తెర వెలిగేలోగా వెనక కర్ర చప్పుడయింది.

రుక్కి వచ్చి గోడకు చేరగిలబడింది. కళ్ళజోడు లేని చూపుతో తెర వైపు చూసింది. అందులో ఎనిమిది వందల మంది ఉంటారని కొడుకు చెప్పినప్పుడు 'అంత మందికి ఎవడు వండుతడు' అని అడిగిన మనిషి.

"అన్ని ఇన్న," అన్నది. "సభ లెక్కన పెట్టినవట గద, మీ బా, మీ నాయిన, పెట్టినట్టు."

"అవును యాడి. పేరు, తండ్రి పేరు, ఊరు."

"తర్వాత?"

"తర్వాత ఏముంది? మాట్లాడుడే."

"గంతేనా తెచ్చినవు?" ఆమె మెల్లగా నేల మీద కూర్చుంది. "రామి మొగడు యాదికున్నడా? నువ్వు చిన్నగ ఉంటివి. మేకల బీడు తగువు కాడ తండా తండా ఒక్కమాట మీదుంటే, ఆడొక్కడు లేచి వద్దన్నడు. పేరు చెప్పిండు, తండ్రి పేరు చెప్పిండు, వద్దన్నడు. అందరు కట్టెలు అందుకున్నరు. మీ బా ఏం చేసిండు?"

భీమ్లాకు గుర్తు లేదు.

"మంచమెత్తుకోని పోయిండు. రామి గుడిసె ముంగట ఏసుకోని మూడు దినాలు ఆడనే పండుకున్నడు. ఆడు చెప్పింది మీ బాకు సుత నచ్చలే. నాతోని అన్నడు, ఆడు మూర్ఖుడే అని. అయినా పండుకున్నడు. సభల నిలవడి పేరు చెప్పినోడు ఊకె చెప్తడారా? నాయక్ ఉన్నడని చెప్తడు. పేరు అడిగినోడు ఆని గుడిసెకు కావలి ఉండాలె. గదే మొదటి సంది ఉన్న రివాజు."

ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది.

"సారు పేరు అడిగినవు. తండ్రి పేరు అడిగినవు. ఊరు అడిగినవు. నువ్వు యాడ ఏసినవు కొడుకా మంచం?"

బయట ఎవరో సైకిల్ మీద పాట పాడుకుంటూ పోయారు. రాజీ వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు.

"రాయమంటవా యాడి?"

రుక్కి కర్రను ఒళ్ళోకి లాక్కుంది. "ఇద్దర్ని కన్న," అన్నది. "నన్ను అడుగకు."

అతను రాయడం మొదలుపెట్టాడు. మొదట పెద్దగా రాశాడు, నియమం గురించి, సభ గురించి, మాట గురించి. కొట్టేశాడు. వివరణ ఎక్కువైన చోట ఏదో దాక్కుంటుంది. మళ్ళీ రాశాడు.

'దుర్గయ్య సారు ద్రోహి కాడు. ఆదివారం ఆయన అరుగు మీదికి వెళ్ళిన ఆరుగురిలో నా తమ్ముడు ప్రేమ్‌చంద్ ఉన్నాడు. సారు పట్టుకున్న బోర్డును గుంజినది అతనే. సారు ఇంటి గుర్తు ఈ గ్రూపు ద్వారా బయటపడింది. వద్దని సారు రెండుసార్లు వదిలేసిన వివరాలను పట్టుబట్టి రాయించినది నేను. ఆయన మాటతో నాకు ఏకీభావం లేదు. ఆ మాట చెప్పిన మనిషికి కాపలా ఉండడం నా పని. ఉండలేదు. ఈ గద్దె దిగుతున్నాను. - భీమ్లా, తండ్రి మోతీ.'

మూడుసార్లు చదివాడు. తిట్టు లేదు. ఒకరిని నొప్పించే మాట కూడా లేదు, నిజం తప్ప. రాజీ వచ్చి వెనక నిలబడి చదివింది. ఆమె చేయి కుర్చీ వీపును పట్టుకుంది, అంతే.

పంపాడు.

'మీ సందేశం అనుమతి కోసం వేచి ఉంది' అని తెర చెప్పింది. పేర్ల వరసలో ప్రేమ్‌చంద్ పక్కన పచ్చచుక్క వెలుగుతోంది. భూపాలపల్లిలో, ఏ ఇంటర్నెట్ సెంటర్లోనో, ఏ దోస్తు ఫోనులోనో వాడు కూర్చుని ఉన్నాడు. చదువుతున్నాడు.

ఐదున్నర. ఐదూ నలభై.

పచ్చచుక్క ఆరిపోలేదు. రాతా బయటికి రాలేదు. వాకిట్లో ఎండ గోడ ఎక్కింది. వరంగల్లో ఈ వేళకు రోగుల వాళ్ళు గేటు బయట టిఫిన్ గిన్నెలతో నిలబడి ఉంటారు. వాళ్ళలో రూప ఉంటుంది.

ఐదూ నలభై ఐదుకు తెర కదిలింది.

రాత తిరిగి వచ్చింది. కింద తమ్ముడు రాసిన ఒకే వరస ఉంది.

'ఊరి పేరు లేదు. నియమం అందరికీ ఒకటే, భియా.'

భీమ్లా తన రాతను మళ్ళీ చూసుకున్నాడు. నిజమే. పేరు ఉంది, తండ్రి పేరు ఉంది. రెండేళ్ళుగా రోజూ రాసే మూడో మాటను చేయి తనంతట తానే దాటేసింది. ఆ మాట ఈదులగట్టు తండా. అక్కడ సౌందర్య ఇద్దరు పిల్లలతో ఒంటరిగా ఉంది.

ఇది ఎగతాళా, కాదనడమా, లేక రాయమని అనుమతా? తమ్ముడి ముఖం కనబడితే తెలిసేది. అక్షరాలకు ముఖం ఉండదు.

"ఏమన్నడురా చిన్నోడు?" అన్నది రుక్కి గోడ దగ్గరి నుంచి.

కరెంటు పోవడానికి ఇంకా పావుగంట ఉంది. భీమ్లా తండ్రి పేరు పక్కన, ఊరి పేరు ఉండవలసిన చోట వేలు పెట్టి, ఆగాడు.